తిరుపతి, చిత్తూరు వాళ్లకు అస్థి నిమజ్జనం: కాటి దగ్గర్నుంచి ఏటి దాకా

తిరుపతి చుట్టుపక్కల అస్థికలు కలపాలనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు శాస్త్రానిది కాదు, నీళ్లది. స్వర్ణముఖి పారేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడిన ఏడు సంక్రాంతి దాకా. చిత్తూరును ఆనుకుని పోయే నీవా, కాణిపాకం బాహుదా కూడా అంతే. మిగతా నెలల్లో ఏరంటే ఇసుక, ముళ్లచెట్లు, అక్కడక్కడా ఊరి మురుగు నిలిచిన గుంటలు. ఆ గుంటల్లో పోసిన బూడిద పోసినచోటే అడుగున పేరుకుంటుంది, ఎముక ముక్కలు మళ్లీ ఏరు పారేదాకా ఒడ్డునే కనిపిస్తుంటాయి. అందుకని ‘ఏ క్షేత్రం గొప్పది’ అని కాకుండా ‘ఈ నెలలో పారే నీళ్లు ఎక్కడున్నాయి’ అని ఆలోచన మొదలుపెడితే సగం తిరుగుడు తప్పుతుంది.

కింద రాసినదంతా ఆంధ్రప్రదేశ్ లోపల కలపడం గురించి. కాశీ, రామేశ్వరం, శ్రీరంగపట్నం సంగతి చివర్లో కాస్త ఉంది. మంత్రభాగం కులాచారాన్ని బట్టి, శాఖను బట్టి మారుతుంది. అది మీ అయ్యవారు చూసుకుంటారు. ఆయన చెప్పని పనులే ఇక్కడ ఎక్కువ.

దహనానికి ముందే

చనిపోయినవారికి గుండెలో పేస్‌మేకర్ ఉంటే ఆ మాట ఆసుపత్రిలో ఉండగానే చెప్పి తీయించాలి. దాని బ్యాటరీ మంటల్లో పేలుతుంది. గ్యాస్ దహనవాటికల్లో లోపలి గోడలు దెబ్బతింటాయి, కట్టెల చితి అయితే పక్కన నిలబడినవాళ్లకు ప్రమాదం. చర్మం కిందే ఉంటుంది కాబట్టి తీయడం చిన్న పనే. తుంటిలో, మోకాలిలో వేసిన స్టీలు భాగాలు, కాలిలో రాడ్లు తీయనక్కర్లేదు, అవి కాలవు. ఎక్కడెక్కడ ఉన్నాయో మాత్రం గుర్తుంచుకోండి. ఎముకలు ఏరేటప్పుడు అవసరమవుతుంది.

గ్యాస్ లేదా కరెంటు దహనవాటికలో చేస్తున్నట్టయితే అస్థికలు మాకు కావాలని అక్కడి ఆపరేటర్‌కు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పంపే రోజుల్లో అడుగు ట్రే పూర్తిగా ఊడ్వరు, ఒకరి బూడిదలో ఇంకొకరిది కలుస్తుంది. అక్కడ ఇచ్చే రసీదును కనీసం మూడు జిరాక్స్‌లు తీసిపెట్టుకోండి. మరణ ధ్రువపత్రానికి ఒకటి, ప్రయాణానికి ఒకటి, ఇంట్లో ఒకటి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతుంది. ఆ గడువు దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు. కర్మల హడావుడిలో పడి ఉత్తరక్రియలు అయ్యాక చూద్దామనుకుంటారు. పెద్దదినం అయ్యేసరికే రెండు వారాలు దగ్గర పడతాయి. మొదటి వారంలోనే ఒకరిని ఈ పని మీద పెట్టండి.

ఎముకలు ఏరడం

కట్టెల చితి పైకి చల్లారినట్టు కనిపించినా లోపల నిప్పు ఒక పూటంతా బతికే ఉంటుంది. సాయంత్రం దహనమైతే మర్నాడు ఉదయం కాక ఆ మర్నాడు వెళ్లడం మేలు. ఆచారంలో రెండోనాడో మూడోనాడో ఏరడం ఉన్నది కూడా దీనికి సరిపోతుంది. మంగళ, శుక్రవారాలు వద్దనే ఇళ్లుంటాయి, పెద్దవాళ్లను అడిగి రోజు ఖాయం చేసుకోండి. గ్యాస్ దహనమైతే గంటన్నర, రెండు గంటల్లో పని పూర్తవుతుంది. చల్లారాక అదే రోజు ఇచ్చేస్తారు.

ముందు నీళ్లు, ఆ తర్వాత పాలు, కొబ్బరినీళ్లు. నీళ్లు మధ్యలో గుమ్మరించకుండా అంచుల నుంచి లోపలికి చిలకరించాలి. కాలిన బొగ్గు మీద చెంబెడు నీళ్లు ఒక్కసారి పడితే వేడి ఆవిరి, బూడిద కలిసి ముఖం మీదికి లేస్తాయి. పాలు లీటరు చాలు. ఐదారు లీటర్లు పోసేవాళ్లున్నారు. అది తర్వాత వాసనకు, బూజుకు దారితీస్తుంది తప్ప చల్లారడానికి పనికొచ్చేది నీళ్లే.

ఏరేటప్పుడు పాదాల వైపు మొదలుపెట్టి తల వైపు వెళతారు. కాళ్లు, తుంటి, వెన్ను, చేతులు, పక్కటెముకలు, చివరగా పుర్రె భాగం. ఒక్కో చోట రెండు మూడు ముక్కలు తీస్తే చాలు. కాటికాపరికి ఇది రోజూ ఉండే పని. ఏది ఎక్కడిదో ఆయనే చూపిస్తాడు. చేతికి బట్ట చుట్టుకోండి, లేదా ఇనప చిమటా వాడండి. కట్టెల బూడిదకు తడి తగిలితే సున్నపు నీళ్లలా ఘాటెక్కుతుంది, ఎక్కువసేపు తడిమితే చేతులు మండుతాయి. కంట్లో పడితే రుద్దకుండా నీళ్లతో కడగాలి.

మేకులు, రాడ్లు, తుంటి గుండ్లు ఇప్పుడే వేరు చేయాలి. అయస్కాంతంతో తీయొచ్చులే అని కొందరు తెస్తారు. పెట్టె మేకులు, పాడె కట్టిన తీగలు దానికి అంటుకుంటాయి గానీ ఒంట్లో వేసే టైటానియం, కోబాల్టు క్రోము అంటుకోవు. కళ్లతో చూసి చేత్తో తీయాల్సిందే. వీటిని నీళ్లలో వేయకుండా దహనవాటిక వాళ్లకే ఇచ్చేయండి.

ముంతలోకి ఎంత, మిగతాది ఏమిటి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పూర్తిగా కాలిన పెద్దమనిషి ఎముకల బరువు రెండు నుంచి మూడు కిలోలు. కట్టెల చితికి మూడు నుంచి ఐదు క్వింటాళ్ల కట్టెలు పడతాయి కాబట్టి దాని బూడిద, బొగ్గు ఇంకో నాలుగైదు కిలోలకు పైనే తేలుతుంది. అదంతా గోనెసంచిలో కట్టుకుని రాజమండ్రి మోసుకెళ్లనక్కర్లేదు. ఏరిన ముక్కలు, వాటితో పాటు దోసెడు చితాభస్మం, అంతే క్షేత్రానికి వెళ్లాలి. దానికి లీటరు పట్టే మట్టి ముంత సరిపోతుంది. ఎముకలన్నీ తీసుకెళ్లాలనుకుంటే ఐదు లీటర్ల కుండ కావాలి. మన దగ్గర దహనవాటికల్లో ఎముకలను పొడి చేసి ఇవ్వరు, ముక్కలు ముక్కలుగానే వస్తాయి, అందుకే బరువుకు మించి చోటు పడుతుంది.

మిగిలిన బూడిదను శ్మశానంలోనే మోకాలి లోతు గుంట తీసి పూడ్చేయొచ్చు. అక్కడే కుప్పగా వదిలేస్తే కుక్కలు కెలుకుతాయి. వానాకాలంలో ఏరు పక్కనే పారుతుంటే అందులో కలిపేయడం మన పల్లెల్లో ఉన్న అలవాటే.

ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములుండి తలో చోట కలపాలనుకుంటే పంపకం శ్మశానంలోనే చేసేయండి. ఇంటికి తెచ్చాక ముంత విప్పడం చాలా ఇళ్లలో పనికిరాదు, మాటా మాటా వస్తుంది.

నిమజ్జనం దాకా దాచడం

ఏరిన వెంటనే ముంతలో వేసి మూతి కట్టేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. పాలతో తడిసిన ఎముక గాలి ఆడని చోట మూడు రోజులుంటే బూజు పడుతుంది, విప్పినప్పుడు పులిసిన వాసన కొడుతుంది. కొత్త తెల్లగుడ్డ మీద పరిచి నీడలో రెండు మూడు గంటలు ఆరనిచ్చి అప్పుడు ముంతలోకి తీయండి. మూతికి నూలుగుడ్డ కట్టండి, ప్లాస్టిక్ కవరు వద్దు. వేడి ముక్కలు కొత్త కుండలో వేస్తే కుండ నెర్రె బారుతుంది. వాటిలో ఒక నిప్పుకణిక ఉన్నా పైగుడ్డ కాలిపోతుంది.

ఇంట్లోకి తేకూడదనే ఆచారం ఎక్కువమందికి ఉంది. శ్మశానంలో రావిచెట్టుకో వేపచెట్టుకో వేలాడదీస్తారు, లేదా దహనవాటికలో అస్థికలకు కేటాయించిన అరలో పెడతారు. రెండు చోట్లా ముంత మీద చెరిగిపోని స్కెచ్ పెన్నుతో పేరు, చనిపోయిన తేదీ, మీ ఫోను నంబరు రాయండి. చెట్టుకు వేలాడే ముంతలన్నీ ఒకేలా ఉంటాయి. చీకటితో బయల్దేరి టార్చిలైటు వెలుగులో పక్కవాళ్ల ముంత విప్పుకుపోయినవాళ్లు ఉన్నారు. గుడ్డ మీద రాసిన రాత వానకు పోతుంది, కుండ మీదే రాయండి.

ఏ నెలలో ఎక్కడ

వీలైతే పది రోజుల్లోపు కలపాలంటారు. ఆ లెక్కన తిరుపతి నుంచి అందుబాటులో ఉన్నవి ఇవి.

చంద్రగిరి పక్కన తొండవాడ అగస్త్యేశ్వర స్వామి గుడి దగ్గర స్వర్ణముఖి, కల్యాణి, భీమా కలుస్తాయి. దక్షిణకాశి అని పేరున్న శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి గుడి పక్కనే ఉత్తరవాహినిగా పారుతుంది, పితృకార్యాలు చేయించే అయ్యవార్లు దొరుకుతారు. రెండూ మంచి చోట్లే, కానీ నవంబరు, డిసెంబరు మాట అది. వేసవిలో ఇక్కడ చెలమ తవ్వి ఆ ఊటనీటిలో సంకల్పం చెప్పించి, అస్థికలు అందులోనే వేసి ఇసుక కప్పించేస్తారు. మంత్రానికి లోటు ఉండకపోవచ్చు గానీ ఆ ఇసుక రేపు ఏ ట్రాక్టరులోకి ఎక్కుతుందో చెప్పలేం. వేసవిలో అయితే కర్మ మాత్రం ఇక్కడ చేయించుకుని, అస్థికలు నీళ్లున్న చోటికి తీసుకెళ్లడం మా సలహా.

వరదలో కూడా దిగకూడదు. 2021 నవంబరు వరదలో స్వర్ణముఖి ఎలా పొంగిందో తిరుపతి వాళ్లకు చెప్పనక్కర్లేదు. నీరు తగ్గాక కూడా ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు. మోకాలి లోతులో నడుస్తున్నవాడు తరువాతి అడుగులో నిలువులోతుకు పోతాడు.

నెల్లూరు దగ్గర పెన్న మనకు దాదాపు 135 కిలోమీటర్లు, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. 2022లో సంగం, నెల్లూరు బ్యారేజీలు మొదలయ్యాక వాటి ఎగువన నీళ్లు నిలబడుతున్నాయి. రంగనాయకుల స్వామి గుడి దగ్గర, జొన్నవాడ కామాక్షమ్మ గుడి దగ్గర రేవులున్నాయి. పది రోజుల గడువు, తక్కువ ఖర్చు, ముసలివాళ్లు కూడా రావాలి అనుకునే కుటుంబానికి ఇంతకు మించిన చోటు లేదు. ఎందుకో మనవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోకుండా నేరుగా రాజమండ్రికి టికెట్లు తీస్తారు.

రాజమండ్రి గోదావరిలో ఏడాది పొడుగునా నిండుగా నీళ్లుంటాయి, కారణం దిగువన ధవళేశ్వరం ఆనకట్ట. పుష్కర్ ఘాట్, కోటిలింగాల రేవు రెండింటి దగ్గరా పురోహితులు, పడవలు ఉంటాయి. చిత్తూరు, తిరుపతి మీదుగా వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ దారి సులువు. జులై నుంచి సెప్టెంబరు దాకా వెళ్లేముందు ధవళేశ్వరం నీటిమట్టం వార్తల్లో చూసుకోండి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక ఉందంటేనే ప్రయాణం వాయిదా వేయడం మంచిది. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ పన్నెండు రోజులు పితృకార్యాలకు విశేషమే గానీ, చేతిలో ముంత పట్టుకుని ఆ జనంలో నిలబడటం మాటలు కాదు.

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లుంటాయి. దిగువ ఘాట్లలో గేట్లు మూసిన రోజుల్లో రాళ్లు, ఇసుకే. శ్రీశైలం పాతాళగంగ దగ్గర జలాశయం నిండుగా ఉన్నప్పుడు, అంటే వానాకాలం చివర్లో, బాగుంటుంది. వేసవిలో నీటిమట్టం దిగిపోయి మెట్లకు కింద బురద మొదలవుతుంది. మెట్లు వందల్లో ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను రోప్‌వేలో దించండి. దారిలో అటవీ చెక్‌పోస్టులు రాత్రిపూట మూస్తారు, పగటి ప్రయాణం పెట్టుకోండి.

సముద్రం

నాయుడుపేట దాటి వాకాడు మండలం తూపిలిపాలెం తీరం తిరుపతికి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. స్వర్ణముఖి చివరికి కలిసేది ఆ తీరంలోనే. ఏరు ఎండిన నెలల్లో మన ఏటి చివరికే తీసుకెళ్లామన్న తృప్తి ఉంటుంది, నీళ్లకు కరువు లేదు.

సముద్రంలో కలపడానికి సమయం తెలియాలి. పోటు మీద పోస్తే అలలు మొత్తం తిరిగి మీ కాళ్ల దగ్గరికే తెస్తాయి. ఆటు మొదలయ్యాక, నీరు వెనక్కి లాగుతున్నప్పుడు పోయాలి. పోటూ ఆటూ సుమారు ఆరు గంటలకోసారి మారతాయి, ఏ పూట ఏదో తీరంలోని జాలర్లను అడిగితే చటుక్కున చెబుతారు. అమావాస్య, పౌర్ణమికి లాగుడు బలంగా ఉంటుంది. పని తేలిక, ప్రమాదమూ ఎక్కువ.

గాలి ఇంకో లెక్క. తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఎండెక్కాక తిరగబడి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తుంది. పొద్దున ఎనిమిదిలోపు పని ముగించుకున్నవాళ్లకు బూడిద నీటి మీదికి పోతుంది, పదకొండింటికి వెళ్లినవాళ్లకు కళ్లలోకి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు గాలి రోజంతా ఒడ్డుకే కొడుతుంది, తుపానులూ అప్పుడే. అదృష్టవశాత్తు ఆ నెలల్లో మన ఏళ్లు పారుతుంటాయి.

దారిలో

రైలైనా బస్సైనా ముంతను సామాన్లలో పెట్టకండి. అడుగున మడిచిన తువ్వాలు వేసిన చేతిసంచిలో నిలువుగా ఉంచి ఒకరు ఒళ్లో పట్టుకోవాలి. మట్టి ముంతకు కుదుపు పడదు. లోపల ఎముకలు కదలకుండా ఖాళీని తెల్లగుడ్డతో నింపండి. పక్కవాళ్లకు చెప్పాలా అంటే అక్కర్లేదు, అడిగితే దాచక్కర్లేదు. దారిలో ఎక్కడ ఆగినా సంచిని నేల మీద పెట్టకుండా చేతులు మార్చుకుంటారు, టీ తాగేటప్పుడు కూడా. ఇద్దరు ఉండటం అందుకే మంచిది.

రేణిగుంట నుంచి విమానంలో వెళ్తే మరణ ధ్రువపత్రం, దహన రసీదు నకళ్లు చేతిలో ఉంచుకోండి. టికెట్ కొనేముందే ఆ సంస్థకు ఫోను చేసి అడగండి. ఇత్తడి, స్టీలు పాత్ర అయితే స్కానరు దగ్గర లోపల ఏముందో కనిపించదు, విప్పమంటారు. చెక్క డబ్బానో మట్టి ముంతో అయితే ఆ బాధ లేదు.

నీళ్ల దగ్గర

సరంజామా ఇంటి దగ్గరే సర్దుకుంటే రేవులో కొనే పనుండదు. నల్ల నువ్వులు వంద గ్రాములు, దర్భలు ఒక కట్ట, ఆవుపాలు అర లీటరు, పంచగవ్యం చిన్న సీసా, తేనె, నెయ్యి కొంచెం, పిండాలకు బియ్యప్పిండి అర కిలో, విడిపూలు పావు కిలో, కొబ్బరికాయలు రెండు, విస్తరాకులు నాలుగు, గంధం, మీ ఇంటి ఆచారాన్ని బట్టి విభూదో తిరుచూర్ణమో, కర్పూరం, అగ్గిపెట్టె. రాగి చెంబు ఒకటి. తడిబట్టలకు సంచి, మార్చుకోవడానికి పొడిబట్టలు. మనవాళ్లు మరిచిపోయేది ఎప్పుడూ ఆఖరుదే.

సంభావన సంగతి సంకల్పానికి ముందే తేల్చుకోవాలి. ‘మీ ఇష్టం బాబూ’ అన్నారంటే ఇష్టం ఎంతో చివర్లో వాళ్లే చెబుతారు. పురోహితుడికి, పడవకు, సామగ్రికి మొత్తం కలిపి ఎంత అని ఒక్క మాటగా అడగండి. గోత్రం, చనిపోయినవారి పేరు, తిథి, మూడు తరాల పేర్లు ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఆ సమయంలో తాతగారి పేరు కూడా నోటికి రాదు.

స్నానం అయ్యాక సంకల్పం. అస్థికలను పంచగవ్యంతో, తర్వాత నీళ్లతో ప్రోక్షించి, గంధం, పూలు, నువ్వులు వేస్తారు. చిన్న బంగారపు తునకో వెండి తునకో వేసే ఆచారం ఉంటే నలుసంత చాలు. రేవుల్లో నీటి అడుగున దేవులాడేవాళ్లు ఉంటారు, పెద్ద ముక్క వేస్తే మీరు మెట్లెక్కేలోపే వాళ్లు దిగుతారు.

పోసేముందు గాలి ఎటు వీస్తుందో చూసుకోండి. చిటికెడు బియ్యప్పిండి వదిలితే తెలిసిపోతుంది. గాలికి వీపు పెట్టి నిలబడాలి, మిగతా కుటుంబం మీ వెనకే ఉండాలి. పక్కన నిలబడిన చెల్లెలి ముఖం మీద బూడిద పడిందంటే ఆ జ్ఞాపకం ఆమెకు జీవితాంతం ఉంటుంది. ఇంకా భద్రంగా కావాలంటే ముంతలోనే చెంబెడు నీళ్లో పాలో పోసి కలిపేయండి. తడిసిన భస్మం ఎగరదు. నడుం వంచి, ముంత మూతి నీటికి జానెడు ఎత్తులో పెట్టి, పారే దిశలోకి మెల్లగా ఒంచండి. ఎముక ముక్కలు అక్కడే మునుగుతాయి, భస్మం తెల్లటి తెరలా కాసేపు సాగి విడిపోతుంది. నీరు నిలకడగా ఉంటే ఆ తెర కదలక మీ చుట్టే తిరుగుతుంది. అప్పుడు చేత్తో నీటిని ముందుకు తోయండి.

మూతి కట్టిన ముంతను అలాగే విసిరేయడం చాలామంది చేసే తప్పు. లోపల గాలి ఉంటుంది కాబట్టి అది మునగదు. తేలుతూ పోయి ఎక్కడో ఒడ్డుకు చేరుతుంది, చిల్లర కోసం ఎవరో పగలగొడతారు. ఖాళీ ముంతను నీటితో నింపి ముంచండి. పైగుడ్డ, దారాలు, పూలదండల ప్లాస్టిక్ దారం, కవర్లు వెనక్కి తెచ్చేయండి. చనిపోయినవారి బట్టలు, పరుపు ఏట్లో వేయడం ఒకప్పటి అలవాటు, ఇప్పుడు ఆ రేవులు చూస్తే అసహ్యం వేస్తుంది.

వంతెన మీది నుంచి, రైలు కిటికీలోంచి పోయడం గురించి ఒక్క మాట: సగం బూడిద పెట్టెలోకే వస్తుంది.

తర్వాత తిలోదకాలు. దక్షిణం వైపు తిరిగి, జంధ్యం ఉన్నవాళ్లు అపసవ్యంగా వేసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నువ్వులనీళ్లు వదులుతారు. మళ్లీ స్నానం, పొడిబట్టలు. కొడుకు లేడని ఆగిపోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కూతుళ్లు, భార్యలు చేయించుకుంటే కాదనని పురోహితులు రేవుల్లో ఉన్నారు. ఒకరు ముఖం చిట్లిస్తే పక్కాయన్ను అడగండి.

పడవ ఎక్కాలనుకుంటే, ‘అన్నా, జాకెట్లు ఉన్నాయా’ అనేది మొదటి ప్రశ్న. తొడుక్కున్నాకే అడుగు పెట్టండి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. నిమజ్జనం సమయంలో అందరూ ఒకే పక్కకు వంగుతారు, పడవ ఒరిగేది అప్పుడే. కర్త ఒక్కడే అంచు దగ్గర కూర్చోవాలి, మిగతావాళ్లు నడిమిన.

ఎక్కడ కలపకూడదు

తిరుమల కొండ మీద అస్థికలకు చోటు లేదు. పుష్కరిణి, ఆకాశగంగ, పాపవినాశనం వేటిలోనూ కుదరదు. అసలు మైలలో ఉన్నవాళ్లు కొండెక్కరు, చాలా ఇళ్లలో ఏడాది దాకా వెళ్లరు. కొండ దిగువన కపిలతీర్థం పుష్కరిణి గుడిదే, అందులోనూ కలపరు. తలకోన, కైలాసకోన లాంటి కోనల్లో నీళ్లు చూసి మనసు లాగుతుంది గానీ అవి జనం స్నానాలు చేసే చోట్లు, చుట్టూ అడవి.

కల్యాణి డ్యామ్ తిరుపతి తాగే నీరు. తెలుగుగంగ కాలువ కూడా అంతే, పైగా దాని సిమెంటు వాలు మీద జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. హంద్రీ-నీవా కాలువలో కుప్పం వైపు వస్తున్నది కృష్ణా నీళ్లేగా, అందులో కలిపితే కృష్ణలో కలిపినట్టే కదా అనే తర్కం చక్కగానే ఉంది గానీ అవీ తాగునీళ్లే. పులికాట్ సరస్సు పక్షుల అభయారణ్యం. లోతు తక్కువ, నీరు కదలదు. శ్రీహరికోట తీరంలోకి ఎవర్నీ పోనివ్వరు.

సొంత తోటలో

‘నన్ను నా మామిడితోటలోనే కలిపేయండి’ అని చెప్పిపోయే రైతులు చిత్తూరు జిల్లాలో తక్కువేం కాదు. చేయొచ్చు, పద్ధతిగా చేయాలి. కాలిన ఎముకలో కాల్షియం ఫాస్ఫేటుతో పాటు ఉప్పులు ఎక్కువ, క్షారం ఎక్కువ. గుప్పెడు బూడిద గుంటలో వేసి దాని మీద లేత మొక్క నాటితే వేరు మాడి నెలలోపు ఎండిపోతుంది. తండ్రి పేరున నాటిన మొక్క ఎండితే ఆ ఇంట్లో దాన్ని శకునంగా తీసుకుంటారు. తప్పు మట్టిది కాదు, పాళ్లది.

కాపుకొచ్చిన చెట్టును ఎంచుకోండి. మొదలు దగ్గర కాకుండా కొమ్మల నీడ పడే అంచున చుట్టూ జానెడు లోతు గాడి తీయండి. ఒక పాలు బూడిదకు కనీసం పది పాళ్లు మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి అందులో పరిచి, పైన మట్టి కప్పి నీళ్లు పెట్టండి. పెద్ద ఎముకలు మాత్రం ఏటికో సముద్రానికో వెళ్లాలి. తోటలో అవి ఏళ్లు గడిచినా కరగవు, దుక్కిలో తేలుతాయి. ఆ పొలం రేపు పంపకాల్లో ఎవరి వాటాకు పోతుందో, అమ్ముడవుతుందో కూడా ముందే ఆలోచించుకోండి. అమ్మేశాక ఏటేటా దివసానికి ఆ చెట్టు దగ్గరికి వెళ్లాలంటే కొత్త ఆసామి గేటు తీయాలి.

ఆలస్యమైతే, బయటి క్షేత్రాలకైతే

విదేశం నుంచి పిల్లలు రావాలని ముంత ఆరు నెలలు ఆగిన సందర్భాలు ఇప్పుడు మామూలే. ఆరబెట్టి పెట్టిన అస్థికలు ఎన్నాళ్లయినా చెడవు. పది రోజులు దాటితే ముందుగా ఒక చిన్న ప్రాయశ్చిత్తం చెప్పించి కలపిస్తారు. మహాలయపక్షంలో కలపడం చాలామంది ఎంచుకునే దారి.

కుప్పం, పలమనేరు వాళ్లకు రాజమండ్రి కన్నా కావేరి దగ్గర. బెంగళూరు దాటితే శ్రీరంగపట్నం. అక్కడి పశ్చిమవాహినిలో అస్థి నిమజ్జనం పెద్ద ఆచారం. రామేశ్వరానికి తిరుపతి నుంచే రైలుంది. కాశీ వెళ్లలేనివాళ్లకు 2021 నుంచి తపాలాశాఖ స్పీడ్‌పోస్టులో అస్థికలు పంపే వీలు కల్పించింది, కాశీ, ప్రయాగ, హరిద్వార్, గయలకు. అలా పంపితే పొట్లం మీద ‘ఓం దివ్య దర్శన్’ (అక్కడ కర్మ చేయించే సంస్థ పేరు) అని పెద్దక్షరాల్లో రాయాలి, లోపల పగలని డబ్బా వాడాలి. మట్టి ముంత పనికిరాదు.